చదివి వినిపించిన ఊరు: బెజవాడ గ్రంథాలయాల గురించి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విజయవాడలోని ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత గ్రంథపాలకులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న పాఠకులకు నమస్కారం. సభా మర్యాద ప్రకారం పాఠకులను చివర చెప్పాను గాని, ఈ ఊళ్లో గ్రంథాలయాలు పుట్టిన వరుస చూస్తే వారిని ముందు చెప్పవలసింది. ఇక్కడ ముందు చదివేవాళ్లు ఒకచోట చేరారు, తరవాత పుస్తకాలు పోగయ్యాయి, ఆ పుస్తకాలకు చోటు చాలక భవనాలు లేచాయి, చట్టమూ పన్నూ జీతగాళ్లూ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చారు. నేను ఆ ఆఖరి వరుసకు చెందినవాణ్ణి. ముప్పై ఏళ్లు జీతం తీసుకుని పుస్తకాలు ఇచ్చాను, తీసుకున్నాను. జీతం లేకుండా ఆ పని చేసినవాళ్ల గురించి ఈ సాయంత్రం నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ఈ వారోత్సవాలు నవంబరు 14న ఎందుకు మొదలవుతాయో ముందుగా చెబుతాను. ఆ తేదీ అనగానే నెహ్రూ గారి పుట్టినరోజు, పిల్లల పండుగ గుర్తుకు వస్తాయి. గ్రంథాలయాలకు సంబంధించినంతవరకు ఆ తేదీకి మూలం 1919లో ఉంది. ఆ ఏడాది నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. గ్రంథాలయాల విషయంలో దేశానికి దారి చూపిన బరోడా సంస్థానం నుంచి కుదాల్కర్ గారు వచ్చి అధ్యక్షత వహించారు. ఆ సభను తలకెత్తుకుని జరిపించినవారు మన బెజవాడ నుంచి వెళ్లిన అయ్యంకి వెంకటరమణయ్య గారు. అర్ధ శతాబ్దం గడిచాక, 1968లో, భారత గ్రంథాలయ సంఘం ఆ రోజును గుర్తు పెట్టుకుని నవంబరు 14 నుంచి 20 వరకు దేశమంతటా వారోత్సవాలు జరపాలని నిర్ణయించింది. కాశ్మీరంలో ఈ వారం దీపం వెలిగించినా ఆ వత్తికి నూనె పోసింది ఈ ఊరివారేనని నేను గర్వంగా చెప్పుకుంటాను.

బెజవాడకే ఈ పని ఎందుకు పట్టింది? 1901 లెక్కల్లో ఈ ఊరి జనాభా సుమారు 24 వేలు. 1888లో పురపాలక సంఘం ఏర్పడింది. విద్యకు పేరు బందరుది, సాహిత్యానికి పేరు రాజమండ్రిది. బెజవాడకు ఉన్నవి నీళ్లూ పట్టాలూ. 1855 నాటికి ఆనకట్ట పూర్తయి ఇక్కడి నుంచి కాలువలు నాలుగు వైపులా పారాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడ్డాక, ఉత్తరం నుంచి మద్రాసు పోయేవాడూ నైజాం నుంచి దిగేవాడూ ఇక్కడ బండి మారక తప్పలేదు. దిగినవాడు సత్రంలో ఒక పూట ఆగుతాడు, ఆగినవాడు నాలుగు కబుర్లు చెబుతాడు. పత్రికలు కట్టలు కట్టలుగా ఈ స్టేషనులోనే దిగేవి. సభ పెట్టాలంటే అందరికీ అందుబాటులో ఉన్న ఊరు ఇదే అయింది. ఉద్యమాలు మనుషుల గుండెల్లో పుడతాయని అంటారు, నిజమే. అవి పెరగడానికి మాత్రం రైలు జంక్షను కూడా కావాలి.

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్ర పాల్ గారు ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు ఈ ప్రాంతపు కుర్రవాళ్లలో కదలిక వచ్చింది. కొంకుదురులో 1890లో పుట్టిన అయ్యంకి గారు ఆ ఉపన్యాసాల వేడి తగిలిన తరం వారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఇక్కడి నుంచి 'స్వరాజ్య' పత్రికను నడిపి, 1908లో అందులో వచ్చిన ఒక వ్యాసానికి జైలుకు వెళ్లారు. పత్రికలో రాసిన మాటకు తెలుగువాడు చెరసాలలో కూర్చున్న ఆ రోజుల్లో చదువు అనేది కాలక్షేపం కాకుండా పోయింది. అంతకు రెండేళ్ల ముందే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు గారి ప్రయత్నంతో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడి, చరిత్రా శాస్త్రాలూ తెలుగులో పుస్తకాలుగా రావడం మొదలైంది. గ్రంథాలయం పెట్టాలంటే అందులో పెట్టడానికి పుస్తకం ఉండాలి గదా. కావ్యాలూ పురాణాలూ పండితుల ఇళ్లలో ఉండేవి. ఓడలు ఎలా నడుస్తాయో, శివాజీ ఎలా రాజ్యం నిలిపాడో తెలుగులో చదువుదామనుకునే రైతు బిడ్డ చేతికి పుస్తకం దొరికింది ఆ దశాబ్దంలోనే.

1911లో రామమోహన గ్రంథాలయం మొదలైంది. దాని ఆనాటి పేరు 'రామమోహన ధర్మ పుస్తక భాండాగారము'. ఆ పేరులోని మూడు మాటలూ నాకు ఎంతో ఇష్టం గనుక వాటి దగ్గర కాసేపు ఆగుతాను.

రామమోహన అంటే రాజా రామమోహన రాయ్ గారు. ఆనాటి బెజవాడ, బందరు ప్రాంతాల్లో బ్రహ్మసమాజ భావాలు చదువుకున్న యువకుల్లో బలంగా ఉండేవి. ఆ పేరు పెట్టడం ద్వారా ఈ గదిలోకి ఏ కులంవాడైనా రావచ్చునని గుమ్మం మీదే రాసిపెట్టినట్టయింది. రెండో మాట ధర్మ. ధర్మసత్రం, ధర్మాసుపత్రి అన్నప్పుడు ఆ మాటకు ఏ అర్థమో ఇక్కడా అదే: రుసుము లేదు, ఎవరైనా రావచ్చు. ఆకలిగొన్నవాడికి అన్నం, రోగికి మందు ఎలాగో చదవదలచినవాడికి పుస్తకం అలాగేనన్న భావన ఆ ఒక్క విశేషణంలో ఉంది. 'ఉచిత' అన్న మాట వచ్చాక ఆ బరువు కొంత తగ్గిందని నా అభిప్రాయం. మూడోది భాండాగారం. అంటే ఖజానా, దాచే చోటు. తాళం, కాపలా ఆ మాటలోనే ఉన్నాయి. విశేషమేమంటే, నాలుగేళ్లు తిరిగేసరికి ఈ ఉద్యమకారులే ఆ మాటను వదిలి 'గ్రంథాలయం' అనడం మొదలుపెట్టారు. 1915లో అయ్యంకి గారు ప్రారంభించిన పత్రిక పేరు 'గ్రంథాలయ సర్వస్వము'. భాండాగారంలో వస్తువు దాక్కుంటుంది, ఆలయానికి మనిషి వస్తాడు. పేరు మారిన ఆ కొద్దికాలంలోనే వారి ఆలోచన పుస్తకాన్ని కాపాడటం నుంచి పాఠకుణ్ణి పిలవడానికి మళ్లిందని నేను నమ్ముతాను.

ఇక 1914 ఏప్రిల్ 10. ఆంధ్రదేశంలోని గ్రంథ భాండాగారాల ప్రతినిధుల మొదటి మహాసభ ఆ రోజున ఈ ఊళ్లో, రామమోహన గ్రంథాలయం ఆతిథ్యంలో జరిగింది. పంచాంగం తిరగేస్తే అది గుడ్ ఫ్రైడే. కోర్టులకూ బడులకూ సెలవు. ప్లీడర్లూ ఉపాధ్యాయులూ గుమాస్తాలే అప్పటి గ్రంథాలయాలకు కార్యదర్శులు గనుక, ఆ సెలవు చూసుకునే తేదీ పెట్టి ఉంటారని నా ఊహ. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, ఏప్రిల్ 1న, 'ఆంధ్రపత్రిక' మద్రాసులో దినపత్రికగా మొదలైంది. అంటే తెలుగువాడికి రోజూ చదవడానికి ఒక పత్రికా, కూర్చుని చదవడానికి ఒక చోటూ కావాలన్న ఆలోచనలు ఒకే పక్షంలో రూపు దిద్దుకున్నాయి.

ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయన ఎవరో ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. ఆయన చూపు గురించి మాత్రం చెబుతాను. కుర్రతనంలోనే రేచీకటి. పాఠశాల చదువు ముగిసిన కొద్దికాలానికి చూపు దాదాపుగా పోయింది. ఒకరు చదివితే విన్నారు, తాను చెబితే ఒకరు రాశారు. నవలలూ నాటకాలూ ప్రహసనాలూ అలాగే వచ్చాయి. చూపు పోయాక కావ్యం చెప్పి రాయించిన ఆంగ్ల కవి పేరిట ఆంధ్ర మిల్టన్ అని లోకం అన్నది అందుకే. దళిత బాలల కోసం రాజమండ్రిలో పాఠశాల నడిపినవారూ ఆయనే. తన కళ్లతో పేజీ చదవలేని మనిషిని తెలుగునాట మొట్టమొదటి గ్రంథాలయ మహాసభకు అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. నిర్వాహకులు పాండిత్యం చూసి, పేరు ప్రతిష్ఠలు చూసి పిలిచి ఉంటారు. నాకు మాత్రం ఆ ఎన్నిక ఉద్యమం మొత్తానికీ గుర్తులా కనిపిస్తుంది, ఎందుకంటే ఆనాటి ఆంధ్రదేశంలో అత్యధికులు పుస్తకం ఎదుట ఆయన స్థితిలోనే ఉన్నారు. 1911 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద చదవడం రాయడం వచ్చినవారు నూటికి ఆరుగురు. మిగిలిన తొంభై నలుగురికీ అక్షరం కనబడినా కనబడనట్టే.

ఈ లెక్క మనసులో పెట్టుకోకపోతే ఆ తరంవారు చేసిన పని అర్థం కాదు. నూటికి ఆరుగురు చదవగలిగిన దేశంలో గ్రంథాలయం పెట్టి గుమ్మం దగ్గర కూర్చుంటే ఎవరు వస్తారు? అందుకే వారి గ్రంథాలయంలో చదవడం కంటే చదివి వినిపించడం పెద్ద పని అయింది. సాయంత్రం దీపం పెట్టగానే ఒకడు పత్రిక పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు, పది మంది చుట్టూ చేరతారు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో, పన్ను ఎందుకు పెరిగిందో, గాంధీ గారు ఏమన్నారో అక్కడే తెలుస్తుంది. రాత్రి బడులు, హరికథలు, మాజిక్ లాంతరు ప్రదర్శనలు, గ్రంథాలయ యాత్రలు అన్నీ దీనికి కొనసాగింపులు. గ్రంథాలయ యాత్ర అంటే కార్యకర్తలు ఊరూరా నడిచి వెళ్లి, గ్రంథాలయం లేని ఊళ్లో పెట్టించి, ఉన్న ఊళ్లో నిద్రపోతున్నదాన్ని లేపి రావడం. 1921 మార్చి చివర ఈ ఊళ్లో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగినప్పుడు జనం అంతగా పోటెత్తారంటే, దాని వెనుక పదేళ్ల పాటు అరుగుల మీద సాగిన ఈ పత్రికా పఠనం కూడా ఉందని నేను అనుకుంటాను. మా తాతగారికి సంతకం తప్ప చదువు లేదు. అయినా ఆ సమావేశపు నిర్ణయాలు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, సభ్యులు కోటి మంది, రాట్నాలు ఇరవై లక్షలు, వరుసగా చెప్పేవారు. విన్నవే.

ఈ వినిపించే పని ఎంత దూరం వెళ్లిందంటే నీళ్ల మీదికి కూడా వెళ్లింది. పాతూరి నాగభూషణం గారు దుగ్గిరాల దగ్గరి పెదపాలెం వారు. 1935లో ఆయన పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో తిరిగే పడవల్లో గ్రంథాలయం నడిపారు. ఇప్పటి పిల్లలకు ఇది చిత్రంగా తోస్తుంది గాని ఆ రోజుల్లో డెల్టాలో మనుషులూ ధాన్యమూ ప్రయాణించింది కాలువల మీదనే. పడవ వేగం అంటే గట్టు మీద తాడు పట్టి లాగే మనిషి నడక వేగం. లాకుల దగ్గర ఆగాలి, ఎదురు పడవకు దారి ఇవ్వాలి. బస్సులో గంటలో పోయే దూరానికి పడవలో పూట పట్టేది. ఆ పూట పొడుగునా ప్రయాణికుడికి వేరే పని లేదు. ఒడ్డు చూస్తాడు, నిద్రపోతాడు, లేదా పక్కవాడితో పేకాడతాడు. అలాంటి మనిషి చేతికి పుస్తకం ఇస్తే చదువుతాడు, చదువు రాకపోతే చదివేవాడి పక్కకు జరిగి వింటాడు. పాతూరి గారి ఆలోచనలో ఉన్న గొప్పతనమంతా అక్కడ ఉంది: మనుషులకు తీరిక ఎక్కడ ఉందో కనిపెట్టి అక్కడికి పుస్తకాన్ని తీసుకువెళ్లారు. మేము ఉద్యోగంలో ఉండగా పాఠకులు తగ్గిపోయారని సమావేశాల్లో చెప్పుకునేవాళ్లం. పాఠకుడి తీరిక ఇప్పుడు ఎక్కడ ఉందని మాలో ఎవరమూ అడగలేదు. ఆ లోపం నాదీ.

ఆ తరవాత పాతూరి గారి కార్యక్షేత్రం విజయవాడే అయింది. పటమటలంకలోని సర్వోత్తమ భవనం చూడనివారు ఈ సభలో ఉంటే తప్పక చూడండి. 1914లో పుట్టిన గ్రంథాలయ సంఘానికి అది సొంత ఇల్లు, 'గ్రంథాలయ సర్వస్వం' పత్రికకు చిరునామా. హరిసర్వోత్తమరావు గారి పేరు దానికి ఎందుకు పెట్టారంటే, 1934 నుంచి కన్నుమూసే వరకు సంఘానికి అధ్యక్షులుగా నిలిచి వయోజన విద్యనూ గ్రంథాలయాన్నీ ఒకే పనిగా చూసినవారు ఆయన. మా తరం గ్రంథపాలకుల్లో చాలామందిమి పాతూరి గారి పూనికతో మొదలైన శిక్షణ తరగతుల్లో ఓనమాలు దిద్దుకున్నవాళ్లమే. వర్గీకరణ సంఖ్య తప్పు వేస్తే పుస్తకం పోయినట్టేనని మాకు చెప్పేవారు. అల్మారాలోనే ఉంటుంది, ఎవరికీ దొరకదు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. భారత గ్రంథాలయ శాస్త్ర పితామహులైన రంగనాథన్ గారి కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అప్పటికి మనం ఆ రాష్ట్రంలోని వాళ్లమే గనుక మన జిల్లాలకూ వర్తించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో మన చట్టం వచ్చి ఆ ఏప్రిల్ 1 నుంచి అమలైంది. హరిసర్వోత్తమరావు గారు ఫిబ్రవరి 29న పోయారు. నెల రోజుల తేడా. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు, పల్లెల్లో పుస్తక నిక్షిప్త కేంద్రాలు ఈ చట్టం నీడన పెరిగాయి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఈ సభలో ఇల్లున్న ప్రతి ఒక్కరూ కడుతున్నారు. రసీదు తీసి చూడండి, ఆ పద్దు ఉంటుంది. ఈ గదిలో వెలిగే దీపం, ఈ బల్ల, ఈ రోజు వచ్చిన దినపత్రికలు ఆ ఎనిమిది పైసలవి. వసూలైన సెస్సు స్థానిక సంస్థల నుంచి సకాలంలో గ్రంథాలయాలకు చేరకపోవడం ఎన్నాళ్లుగానో ఉన్న బాధ. అది చేరినంత కాలం కొత్త పుస్తకం వస్తుంది, ఆగిన ఏడాది అట్టలు ఊడిన పాత పుస్తకమే మళ్లీ మళ్లీ తిరుగుతుంది.

చట్టం వల్ల మేలే జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను. చందాల మీద నడిచే గ్రంథాలయం దాన్ని పెట్టిన మనిషి ఓపిక ఉన్నంత కాలమే బతుకుతుంది. అయితే జీతగాడు వచ్చాక వీధిలోవాళ్లకు అది మన గది అన్న పట్టు సడలింది. పత్రిక పట్టుకుని అరుగు మీద కూర్చునే మనిషి లోపలికి వచ్చి మౌనంగా చదవడం నేర్చుకున్నాడు. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు నేనే రాయించి గోడకు కొట్టించాను. చదువుకునేవారికి అది అవసరం. ఆ బోర్డుతో పాటు చదువు రానివాడికి మా గుమ్మంలో పని లేకుండా పోయిందన్న సంగతి నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఇప్పటి పాఠకుల గురించి ఒక మాట. ఠాగూర్ గ్రంథాలయానికి ఉదయం వెళ్లండి, పోటీ పరీక్షలకు చదివే యువతీ యువకులు బారులు తీరి కనిపిస్తారు. ఇంటి నుంచి సొంత పుస్తకాలు తెచ్చుకుంటారు, కుర్చీ మాత్రమే వాడుకుంటారని కొందరు పెద్దలు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఒక గది అద్దె ఇంట్లో నలుగురు ఉండే కుటుంబంలోని పిల్లకు రాత్రి ఎనిమిది వరకు వెలుతురూ ప్రశాంతతా దొరికే చోటు ఊళ్లో ఇంకెక్కడ ఉంది? ధర్మ అన్న మాటకు ఈ రోజు అర్థం ఆ కుర్చీయే. నా ఉద్యోగం చివరి రోజుల్లో మా శాఖకు ఒక పెద్దాయన వచ్చేవారు. రైల్వేలో పనిచేసి విరమించినవారు, మధుమేహం వల్ల చూపు మసకబారింది. పత్రిక మొదటి పేజీ పెద్ద అక్షరాలు చూసుకుని తృప్తి పడేవారు. గ్రూప్ పరీక్షలకు చదివే ఒక అమ్మాయి వారం రోజులు చూసి, ఒకనాడు ఆయనను వరండాలోకి తీసుకువెళ్లి సంపాదకీయం చదివి వినిపించింది. తనకూ పరీక్షకు పనికివస్తుందని చెప్పింది. మర్నాటికి ఇద్దరు విన్నారు, నెలాఖరుకు ఆరుగురు. నేను చేసిందల్లా వరండాలోకి రెండు బల్లలు వేయించడం. అరుగు మీది పత్రికా పఠనం అలా తిరిగి రావడం చూసిన రోజు నాకు చిలకమర్తి వారు గుర్తుకు వచ్చారు.

ఇంకొక సంగతి మనసులో ముల్లులా ఉంది. కొన్నేళ్ల కిందట లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల కొట్ల దగ్గర తిరుగుతుంటే, ఒక పుస్తకం లోపలి పేజీలో ఊదారంగు ముద్ర కనిపించింది. ఎప్పుడో మూతపడిన ఒక పేట పఠన మందిరం ముద్ర అది. దాని వెనుక అట్టకు తేదీల చీటీ ఇంకా అంటుకుని ఉంది, ఒక్క ఏడాదిలో ఆ పుస్తకం పంతొమ్మిది చేతులు మారింది. పుస్తకాలతో పాటు ఆ పఠన మందిరం సభ్యుల పట్టిక, జమాఖర్చుల పుస్తకం, పుస్తకాలు చేర్చుకున్న రిజిస్టరు కూడా తూకానికి పోయాయని తరవాత తెలిసింది. పుస్తకం ఇంకెక్కడైనా దొరకవచ్చు. ఆ పేటలో ఎవరు చదివారు, ఏది చదివారు, పావలా చందా ఎవరిచ్చారు అన్నది ఆ రిజిస్టరులో తప్ప మరెక్కడా లేదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి పరిశోధకులు ఇప్పటికీ వెతుక్కుంటూ వెళ్తున్నారంటే, అక్కడివారు పాత పత్రికల సంచికలను చెత్తగా చూడకపోవడమే కారణం.

అందుచేత రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మీ ఇళ్లలో, మీ నాన్నల, తాతల ట్రంకు పెట్టెల్లో ఏ పాత గ్రంథాలయపు రసీదు, సభ్యత్వ కార్డు, వార్షిక నివేదిక ఉన్నా పారవేయకండి. ఇక్కడికి తెస్తే మన పిల్లలు ఫోనుతో ఫొటో తీసుకుని కాగితం మీకే తిరిగి ఇస్తారు. రెండోది, గుమ్మం పక్క బల్ల మీద కొత్త రిజిస్టరు ఒకటి తెరిచి పెట్టాము. ఎడమ పేజీలో వారానికి ఒక గంట చదివి వినిపించగలవారు, కుడి పేజీలో వినదలచినవారు పేర్లు రాయాలి. ఈ సాయంత్రం సభ మొదలయ్యే వేళకు ఎడమ వైపు నాలుగు పేర్లు, కుడి వైపు పదకొండు పేర్లు ఉన్నాయి. బుధవారం అయిదు గంటలకు వరండాలో మొదటి పఠనం.